సేరినాక ఫోన్ సెయ్యి బాబూ

నేను పనిచేసే పాలపొడి ఫ్యాక్టరీ వెనక ఒక పొడవాటి తెల్ల ట్యాంకు ఉంది. డబ్బాల్లో పొడి పాడవకుండా నింపే నైట్రోజన్ అందులో ద్రవంగా ఉంటుంది. కొన్ని రోజులకోసారి ఒక లారీ వచ్చి దాన్ని నింపి పోతుంది. ఐర్లండ్ దక్షిణపు ఒడ్డున, వాన ఎప్పుడు మొదలయిందో ఎప్పుడు ఆగిందో ఎవరూ పట్టించుకోని చిన్న రేవు ఊరు ఇది. ల్యాబు కిటికీలోంచి చూస్తే డ్రైవరు గొట్టం తగిలించి వాల్వు తిప్పడం కనిపిస్తుంది. బుస్సుమంటూ తెల్లటి పొగ లేస్తుంది. లేచినట్టే లేచి, బరువుగా నేలకు దిగి, తడి సిమెంటు మీద పాక్కుంటూ వచ్చి లారీ చక్రాలను, డ్రైవరు కాళ్ళను దాచేస్తుంది. మోకాళ్ళ కింద ఏమీ లేని మనిషి గాలిలో అటూ ఇటూ తిరుగుతున్నట్టుంటాడు.

నాతో పనిచేసేవాళ్ళు నేను వాన చూస్తున్నాననుకుంటారు. నేను చూసేది వేరు. ఆ పొగ పాకుతున్న కాసేపూ నాకది విశాఖపట్నం, మే నెల మధ్యాహ్నం. కరోనా రెండో వేవు నడుస్తోంది. దేశమంతా ఊపిరి కోసం వెతుక్కుంటోంది.

అప్పుడు నేను ఉక్కు ఫ్యాక్టరీ దారిలో ఉన్న ఒక చిన్న గ్యాస్ కంపెనీలో పనిచేసేదాన్ని. మామూలు గాలిని ద్రవమయ్యేంత చల్లబరిచి అందులోంచి ఆక్సిజన్ని విడదీసి ట్యాంకర్లలో నింపే కంపెనీ. నిండిన ప్రతి ట్యాంకరు నుంచీ శాంపిల్ తీసి, పరీక్ష చేసి, ఇది మనుషులు పీల్చడానికి పనికొస్తుందని కాగితం మీద సంతకం పెట్టడం నా పని. ఆ కాగితం లేకుండా బండి గేటు దాటదు. అంతకుముందు ఏళ్ళ తరబడి అది ఎవరికీ పట్టని ఉద్యోగం. వెల్డింగు షాపుల వాళ్ళూ అక్కడొకటీ ఇక్కడొకటీ ఆసుపత్రులూ తప్ప మా గుమ్మం ఎవరూ తొక్కేవారు కాదు. ఆ ఏడాది మాత్రం గేటు ముందు నుంచి మెయిన్‌రోడ్డు దాకా ట్యాంకర్లు బారులు తీరాయి. ఏ రాష్ట్రాల నంబరు ప్లేట్లో, ఏ దేవుళ్ళ బొమ్మలో. అన్నీ మా దగ్గర ఊపిరి నింపుకుని పోవడానికి వచ్చినవే.

మా ఇల్లు కంచరపాలెంలో, రైలు పట్టాలకు ఎంత దగ్గరంటే గూడ్సు వెళ్ళినప్పుడల్లా అలమారలో గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడు చేసేవి. నాన్న పోర్టులో కలాసీగా పనిచేసేవాడు. నేను ఇంటర్ చదివేటప్పుడే పోయాడు. ఆ తరవాత అమ్మ రైల్వే గేటు పక్కన టిఫిన్ బండి పెట్టుకుని నన్ను చదివించింది. కర్ఫ్యూ వచ్చాక బండిని ఇంటి గోడకు చేరేసి పైన టార్పాలిన్ కప్పింది. ఇరవై మందికి వండిన చేతులు ఇద్దరికి వండుతుంటే కొలత కుదరక, రోజూ ఏదో ఒకటి మిగిలిపోయేది.

ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి మాటల్లో అన్నాను, లైన్లో ఉన్న డ్రైవర్లకు తిండి దొరకడం లేదని. దారి పొడవునా హోటళ్ళు మూసేశారు. ఒకాయన రెండు రోజులుగా బిస్కెట్ల మీదే ఉన్నాడట. అమ్మ వింటూనే లేచి బియ్యం డబ్బా మూత తీసింది.

"ఏటే అది? అందరికీ గాలి మోసుకెళ్ళేవోళ్ళకి బువ్వ లేదా? ఇంత ఊరుండీ?"

మర్నాటి నుంచి నా స్కూటీ ముందు సంచీలో పొట్లాలు ఉండేవి. పులిహోర, లేకపోతే చపాతీలూ బంగాళాదుంప కూరా. బయట లైన్లో ఉన్నవాళ్ళకూ, ట్యాంకరు నిండాక నా కిటికీ దగ్గరికి కాగితం కోసం వచ్చే డ్రైవరుకూ పొట్లం ఇచ్చేదాన్ని. మొదటిరోజు తీసుకున్నాయన పొట్లం విప్పి వాసన చూసి, ఎవరు చేశారని అడిగాడు. మా అమ్మ అన్నాను. ఆమెకు దణ్ణం పెట్టాలన్నాడు. ఫోన్ కలిపి స్పీకర్ పెట్టి కిటికీ చెక్క మీద ఉంచాను. ఆయన హిందీలో ఏదో అన్నాడు. అమ్మకు ఒక్క ముక్క అర్థం కాలేదు.

"బాబూ, కడుపు నిండా తిను. దారిలో నిద్దరొత్తే బండి పక్కకి ఆపి పడుకో. సేరినాక ఫోన్ సెయ్యి బాబూ."

చివరి మాట నేను హిందీలోకి మార్చి చెప్పి, అమ్మ నంబరు పొట్లం మీద రాసిచ్చాను. మా ఇంట్లో ఎవరు గుమ్మం దాటినా అమ్మ చెప్పే మాటే అది. నాన్న పోయిన దగ్గర్నుంచీ అలవాటు. ఆ మనిషి నిజంగా ఫోన్ చేస్తాడని నేననుకోలేదు. రెండోరోజు తెల్లారుతుండగా అమ్మ ఫోన్ మోగింది. "అమ్మా, పహుంచ్ గయే" అన్నాడు, చేరిపోయానని. అమ్మ అరచేతిలో పట్టుకున్న ఫోన్ వంక చూసి నవ్వింది. "సేరిపోనాడు" అంది, తన బండే ఎక్కడికో చేరినట్టు.

ఆ తరవాత అందరికీ నంబరు ఇవ్వడం మొదలుపెట్టాం. చాలామంది చేశారు. అమ్మ ఎన్నడూ పేరు కూడా వినని ఊళ్ళ నుంచి, ఎన్నడూ చూడని మనుషుల గొంతులు వచ్చేవి. వాళ్ళను గొంతులతోనే గుర్తుపెట్టుకునేది. నవ్వేవోడు, బొంగురు గొంతోడు, పక్కన పాటలెట్టుకున్నోడు. రైలు వెళ్ళేటప్పుడు ఫోన్ వినబడదని దాన్ని నడుం దగ్గర చీరలో దోపుకుని తిరిగేది. ఆ రోజుల్లో ప్రయాణికుల రైళ్ళు బాగా తగ్గిపోయాయి. అప్పుడప్పుడూ గూడ్సు బళ్ళ మీద ట్యాంకర్లనే వరసగా ఎక్కించి తీసుకుపోయేవారు. మేడల మీద జనం నిలబడి చూసేవారు. అంత నెమ్మదిగా, అంత తెల్లగా, ఎండలో కరిగిపోతున్నట్టు కదిలేవి అవి. పక్కింటి ముసలాయన వాటికి చేతులు జోడించడం చూశాను. ఊరు ఊరంతా జ్వరంలో కలగంటున్నట్టుండేది.

ఆయన వచ్చింది ఆ రోజుల్లోనే. అరవైకి దగ్గర్లో ఉంటాడు. నెరిసిన గడ్డం, మెడలో ఎర్రగళ్ళ తువ్వాలు. బిహార్ మనిషి. లైన్లో రెండు రోజులున్నాడు. మొదటిరోజు పొట్లం తీసుకుని అమ్మతో మాట్లాడాడు. అమ్మ ఏదో అంటే అర్థం కాకపోయినా ప్రతిదానికీ "జీ మాతాజీ" అన్నాడు. వయసులో అమ్మకంటే పెద్దవాడే.

రెండోరోజు మధ్యాహ్నం ఆయన బండికి వంతు వచ్చింది. గేటు దగ్గర సెక్యూరిటీ వాళ్ళు లోపలికి వచ్చే ప్రతివాడి నుదుటి మీదా జ్వరం చూసే యంత్రం పెట్టేవారు. ఎండలో అందరి నుదుళ్ళూ వేడిగానే ఉండేవి కాబట్టి నీడలో కాసేపు నిలబెట్టి చూసేవారు. నా కిటికీలోంచి ఆ చోటు కనిపిస్తుంది. ఆయన వరసలోంచి తప్పుకుని కుళాయి దగ్గరికి వెళ్ళాడు. తలమీదా మెడమీదా నీళ్ళు పోసుకున్నాడు. ఒకసారి కాదు. తువ్వాలు తడిపి నుదుటికి అదుముకుని చాలాసేపు అలాగే ఉన్నాడు. తరవాత మెల్లగా నడిచివచ్చి యంత్రం ముందు నిలబడ్డాడు. యంత్రం ఆకుపచ్చ వెలుగు చూపించింది.

నేను చూశాను. అదేమిటో నాకు అర్థమయింది. ఎండకు పోసుకున్నాడేమో అనుకోవడానికి కూడా చోటుంది. అలాగే అనుకున్నాను.

ట్యాంకు నిండింది, శాంపిల్ పరీక్ష కూడా అయిపోయింది. గొట్టాల మీద మంచు పేరుకుని, ఆ నిప్పుల్లాంటి ఎండలో పొగ నేలంతా పరుచుకుంది. ఆయన ఆ పొగలోంచి నడిచి కిటికీ దగ్గరికి వచ్చాడు. కాగితం అందుకోబోతూ మొహం పక్కకు తిప్పి దగ్గాడు. పొడిదగ్గు. ఆపుకుందామనుకున్నా ఆగలేదు.

"ఒంట్లో బాగానే ఉందా?" అని హిందీలో అడిగాను.

"దుమ్ము బేటీ" అన్నాడు.

కాగితం నా చేతిలోనే ఉంది. గేటుకు ఫోన్ చేస్తే ఆయనను పక్కన కూర్చోబెడతారు. నిండిన బండి అక్కడే నిలబడిపోతుంది, ఎందుకంటే ఇంకో డ్రైవరు లేడు. డ్రైవర్ల కోసమే నాలుగు రోజులుగా అందరూ వెతుకుతున్నారు. ఆ బండి వెళ్ళాల్సింది మధ్యప్రదేశ్‌లో ఒక ఊరి ఆసుపత్రికి. పొద్దుట్నుంచీ అక్కడి నుంచి ఎవరో మా ఆఫీసుకు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. బండి బయల్దేరిందా, బయల్దేరిందా అని. ఆడమనిషి గొంతు. చివరిసారి చేసినప్పుడు ప్రశ్న కూడా అడగలేదట, ఊరికే లైన్లో ఉండిపోయిందట.

కాగితం కిటికీలోంచి తోశాను. ఆయన నా నకలు మీద సంతకం చేసి, తన కాగితాన్ని నా వేళ్ళకు తగలకుండా అంచు పట్టుకుని తీసుకున్నాడు. పొట్లం ఇచ్చాను. అమ్మకు ఫోన్ కలిపాను, రోజూ చేసే పనే కాబట్టి.

"ఏటా దగ్గు?" అంది అమ్మ.

"దుమ్మమ్మా" అన్నాను నేను.

ఆయన తువ్వాలు మూతికి కట్టుకుని బండెక్కాడు. ట్యాంకరు వెనక భాగం నుంచి ఇంకా సన్నగా పొగ వస్తూనే ఉంది. గేటు దాటి, లైన్లో ఉన్న బళ్ళ పక్కనుంచి వెళ్ళి, రోడ్డు మలుపులో ఎండలో కలిసిపోయింది.

మూడోరోజు దాకా అమ్మ ఏమీ అనలేదు. నాలుగోరోజు అన్నం తింటూ, "ఆ పెద్దాయన సెయ్యలేదే" అంది. నేను ఆయన నంబరుకు చేసి చూశాను. స్విచాఫ్. ఆఫీసులో అడిగితే బండి అనుకున్న సమయానికే చేరిందని, ఆక్సిజన్ దించుకున్నారని చెప్పారు. అది చెప్తే అమ్మ ఒప్పుకోలేదు.

"బండి సేరితే మనిసి సేరినట్టేటి?"

వారం దాటాక అదే కంపెనీ డ్రైవరు ఇంకొకతను వచ్చాడు. ఆయన సంగతి అతనే చెప్పాడు. బండి అప్పగించి, ఖాళీ ట్యాంకరుతో తిరుగు ప్రయాణమయ్యాడట. దారిలో ఒక చోట రోడ్డు పక్కన ఆపుకుని సీట్లోనే పడుకుని ఉన్నాడట. వెనకొచ్చిన బళ్ళవాళ్ళు చూసి దగ్గర్లో ఉన్న ఊళ్ళో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూడోరోజు పోయాడు. ఇంటివాళ్ళు వెళ్ళలేకపోయారు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి అమ్మకు చెప్పాను. పోయాడని మాత్రమే. అమ్మ పిండి కలుపుతున్న చెయ్యి ఆపి, "ఆయన పేరేటే?" అని అడిగింది. కాగితాల మీద రాసింది నేనే కాబట్టి చెప్పాను. ఆ పేరును రెండుసార్లు నోట్లో పలుక్కుని, మళ్ళీ పిండి కలిపింది. మర్నాడు లైన్లో వాళ్ళకు వండాక ఒక విస్తరిలో కొంచెం తీసి ప్రహరీ గోడ మీద పెట్టింది. కాకి రావడానికి చాలాసేపు పట్టింది. అది వచ్చేదాకా లోపలికి రాలేదు.

వానలు పడే వేళకు లైను పలచబడి, ఒకరోజు పూర్తిగా పోయింది. గేటు ముందు ఖాళీ రోడ్డు. నేను అదే కిటికీ దగ్గర అవే సంతకాలు పెడుతూ ఇంకొన్నాళ్ళున్నాను. పెన్ను పట్టుకున్న ప్రతిసారీ కాగితం అంచు వంక చూపు పోయేది. వేరే ఉద్యోగాలు వెతికాను. ఇక్కడ దొరికింది. ఇది ఆక్సిజన్ కంపెనీ కాదు కదా, పాలపొడే కదా అనుకుంటూ వచ్చాను. మొదటివారంలోనే కిటికీ బయట తెల్లపొగ చూశాను.

ఇక్కడి వాళ్ళకు ఆ రోజుల గురించి చెప్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. వాళ్ళకూ పోయినవాళ్ళున్నారు. రేవు దగ్గర బెంచీల మీద పేర్లు చెక్కించుకున్నారు. ఆ పేర్లు చదువుకుంటూ నడుస్తాను. మా బళ్ళవాళ్ళ పేర్లు ఏ బెంచీ మీదా ఉండవు.

నిరుడు అమ్మ మూడు నెలల వీసా మీద వచ్చింది. టిఫిన్ బండిని మా పిన్నికి అప్పగించి, అయిష్టంగానే వచ్చింది. ఇక్కడి చలి ఆమెకు నచ్చలేదు గానీ సముద్రం పక్షులు నచ్చాయి. ఒకరోజు నేను అన్నం డబ్బా మర్చిపోయానని మధ్యాహ్నం ఫ్యాక్టరీ గేటు దాకా నడిచి వచ్చింది. అప్పుడే లారీ నింపుతున్నారు. పొగ గేటు దాకా పాకింది. అమ్మ చెప్పుల చుట్టూ చేరింది. వెనక్కి తగ్గి, మళ్ళీ కాలు ముందుకు పెట్టి దాన్ని తాకింది.

"ఇదేనేటే ఆ గాలి?"

"ఇది వేరేదమ్మా. కానీ చూడ్డానికి అలాగే ఉంటుంది."

ఆమె అంతవరకూ దాన్ని చూడలేదని అప్పుడు తట్టింది నాకు. అన్ని రోజులు వండి పంపింది, గొంతులే విన్నది. ఆ పొగ చెదిరిపోయేదాకా నిలబడి, "ఆ పెద్దాయన ఇందులోంచే ఎలిపోనాడా?" అని అడిగింది.

ఆ సాయంత్రం చెప్పేశాను. కుళాయి, తడి తువ్వాలు, దగ్గు, కాగితం. దుమ్ము అని చెప్పిన అబద్ధం. అమ్మ నన్ను దగ్గరకు తీసుకుంటుందనుకున్నాను. నీ తప్పేం లేదంటుందనుకున్నాను. అనలేదు.

"నాకప్పుడే సెప్పాల," అంది. లేచి వెళ్ళి పడుకుంది.

రెండు రోజులు నాతో మాట్లాడలేదు. వండింది, వడ్డించింది, కిటికీ దగ్గర కూర్చుంది. నేను ఆఫీసుకు వెళ్తున్నానంటే తల ఊపింది. చేరాక ఫోన్ చెయ్యమనలేదు. మూడోరోజు పొద్దున టీ గ్లాసు నా ముందు పెట్టి అడిగింది.

"ఆయన పెళ్ళానికి తెలుసా?"

"తెలీదు."

"సెప్పు."

"ఇన్నేళ్ళ తరవాత ఎందుకమ్మా, మానిన పుండు రేపడానికా?"

"మానిందని నీకెవరు సెప్పినారు? మొగుడు ఎలగెల్నాడో ఆవిడికి తెలవక్కర్లేదేటి? నీ మనసు సులువవుద్దని కాదే నాను సెప్పేది. తిడితే పడు."

అప్పటి ఆ రెండో డ్రైవరు నంబరు నా ఫోన్లో ఇంకా ఉంది. అతను గుర్తుపట్టాడు. సాయంత్రానికల్లా పెద్దాయన భార్య నంబరు పంపాడు. ఆదివారం చేశాను. అమ్మ పక్కనే కూర్చుంది. నా హిందీ అంతంతమాత్రం. మధ్యలో తడబడి, మాటలు దొరక్క ఆగి, మళ్ళీ మొదలుపెట్టి మొత్తం చెప్పాను. అవతల ఎక్కడో కుక్కర్ కూత వినబడింది, తరవాత ఎవరో దాన్ని ఆపారు.

"నాక్కూడా దుమ్మనే చెప్పాడు" అందామె చివరికి.

నేను ఆపి ఉండాల్సిందని, క్షమించమని అన్నాను.

"ఆపితే ఆగేవాడో లేదో నాకు తెలియదు. కానీ నువ్వు ఇంకోసారి అడగాల్సింది బేటీ. ఇంకోసారి అడిగితే ఆయన నిజం చెప్పేవాడు. రెండోసారి అబద్ధం ఆడలేడు."

నన్ను క్షమించానని అనలేదు. తిట్టలేదు. నా కాగితం మీద ఆయన సంతకం చేశాడా అని అడిగింది. చేశాడన్నాను. ఎలా చేశాడో చెప్పమంది. నాకు బాగా గుర్తుంది. హిందీలో, ముందు పైన అడ్డగీత గీసి, దానికి అక్షరాలను ఒక్కొక్కటే వేలాడదీశాడు, తాడు కట్టి బట్టలు ఆరేసినట్టు. ఆమె అప్పుడు ఏడ్చింది. పెళ్ళయిన కొత్తలో ఆ సంతకం నేర్పింది తనేనట. గీత తరవాత గీయాలని ఎన్నిసార్లు చెప్పినా ఆయన వినలేదట.

అమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని తెలుగులో మాట్లాడింది. ఏం మాట్లాడిందో నేను ఆమెకు మార్చి చెప్పలేదు. ఆమె అడగలేదు.

అమ్మ వీసా అయిపోయి కంచరపాలెం వెళ్ళిపోయింది. టిఫిన్ బండి మళ్ళీ తీసింది. అమ్మా, పెద్దాయన భార్యా అప్పుడప్పుడూ మాట్లాడుకుంటున్నారని నాకు ఆలస్యంగా తెలిసింది. ఆమె కూతురికి కొంచెం ఇంగ్లీషు వస్తుంది, పక్కింటి పిల్ల అమ్మకు సాయం చేస్తుంది. ఈ చలికాలం ఆమె, కూతురూ రైలెక్కి విశాఖపట్నం వచ్చారు. ఆయన బండి నింపుకున్న చోటు చూడాలనుకుందట. కంపెనీ గేటు బయటే నిలబడి చూసి వచ్చేశారట. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, వీళ్ళూ అడగలేదు. ఆ మధ్యాహ్నం అమ్మ వాళ్ళను బీచికి తీసుకెళ్ళింది.

కూతురు తీసిన వీడియో నాకు పంపారు. అమ్మా ఆమే నీళ్ళ అంచున చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. దూరంగా పోర్టు వైపు వెళ్ళే ఓడ ఒకటి కదులుతుందో ఆగిందో తెలియకుండా ఉంది. మాటలు లేవు, గాలి హోరు ఒకటే. రాత్రి నిద్రపట్టదేమోనని భయపడ్డాను గానీ ఆ రోజు తొందరగానే నిద్రపోయాను. మర్నాడు పొద్దున్నే అమ్మ ఫోన్ చేసింది.

"సముద్రం ఎప్పుడూ సూడలేదంట ఆవిడ. కెరటం వచ్చినప్పుడల్లా బయపడిపోయింది. నా సెయ్యి ఒగ్గలేదు" అంది.